హైమవతి పాడిన రోజు

నేను ఒక రేడియోను. అరచేతిలో ఇమిడే రకం కాదు. నేలమీద నిలబడి మనిషి నడుముదాకా వచ్చే టేకు పెట్టెను. లోపల ఏడు గాజు వాల్వులు, అడుగున పళ్లెమంత స్పీకరు, నుదుట ఆకుపచ్చ కన్ను. స్టేషను సరిగ్గా కుదిరితే ఆ కంటి రెప్పలు దగ్గరికొస్తాయి. మీట తిప్పగానే పలకను. వాల్వులు ఎర్రబడేదాకా ఆగాల్సిందే. గొప్పలు పోతున్నాననుకోకండి. నేను చేసిన పాపం అర్థం కావాలంటే నా కడుపులో ఏముందో మీకు తెలియాలి.

మద్రాసులో తయారై రైల్లో తెనాలి చేరాను. కొన్నది ప్లీడరు అచ్యుతరామయ్యగారు. వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. ఆయన పొదుపరి, పదినిమిషాలు వార్తలు వినడం, కట్టెయ్యడం. అందుకే నా రోగం బయటపడలేదు. నాలో కండెన్సరు అనే చిన్న ముక్క ఒకటి పుట్టుకతోనే నాసిది. అరగంట దాటి వేడెక్కితే దానికి పట్టు తప్పేది, ఎంత తీయని గొంతయినా నా నోట బొంగురుపోయేది.

ఆయన కోడలు హైమవతి బాగా పాడుతుంది. బెజవాడ రేడియో కేంద్రం నుంచి పిలుపొస్తే ఇంట్లో వారం రోజులు రగడ. చివరికి మామగారే మెత్తబడ్డారు. ఈసారికి వెళ్లిరమ్మని, విని బాగుందనిపిస్తే ఇక ఎప్పుడు పిలిచినా తనే దగ్గరుండి తీసుకెళ్తానని మాటిచ్చి, మేనత్తను తోడిచ్చి పంపారు.

ఆ సాయంత్రం నాకు జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. నెత్తిన జరీ దుప్పటి కప్పారు. దాని అంచు వెనకనున్న గాలి చిల్లులను మూసేసింది. వచ్చిన ఇరుగుపొరుగుకు చోటు చాలదని నన్ను గోడకు ఆనించారు. ఎక్కడ ఆలస్యమవుతుందోనని గంట ముందే పెట్టేశారు. ఎవరో పెద్దమనిషి పొగాకు సాగు గురించి ప్రసంగిస్తుంటే, పాపం ఆయన గొంతే బొంగురనుకున్నారు. హైమవతి వంతు వచ్చేసరికి నేను పొయ్యిమీద పెనంలా ఉన్నాను. ఆమె పైస్థాయి అందుకుంది. నా గొంతు గీరుకుపోయింది. పాట ఆసాంతం అంతే. అప్పట్లో గాలిలోకి పాడడమే, మళ్లీ వినే వీలు లేదు.

మర్నాడు ఆమె ఆశగా ఇంటికొచ్చింది.

"నీ గొంతు మైకుకి పనికిరాదు అమ్మాయ్. నవ్వులపాలు కావద్దు," అన్నారు మామగారు, బాధపడుతూనే.

స్టేషనులో మెచ్చుకున్నారే అని ఆమె గొణిగింది. మొహమాటానికి అనుంటారని ఆయన సర్దిచెప్పారు. ఆమె నమ్మింది. తంబురా అటకెక్కింది. రెండోసారి వచ్చిన ఉత్తరానికి రానని తనే జవాబు రాసింది. ఛీ, నాదీ ఒక నోరేనా! లోకంలోని ఊసులన్నీ చెబుతాను గానీ, తప్పు నాదని ఒక్కముక్క చెప్పలేకపోయాను.

పదహారేళ్ల తర్వాత ప్లీడరుగారు కోర్టు మానేసి, రోజంతా నా ముందే కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరు పాడినా బొంగురే. మెకానిక్ మస్తానుకు కబురంపారు. అతను వెనక చెక్క విప్పి, కండెన్సరు ఊడదీసి చూపించాడు.

"ఇది కొత్తలోనే నాసిదండీ. వేడెక్కితే ఎవరు పాడినా ఇంతే."

ప్లీడరుగారు ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత కోడల్ని పిలిచి సంగతంతా చెప్పారు. "తప్పు నీది కాదమ్మా. ఒక్కసారి పాడవూ," అన్నారు. ఆయన ఒకర్ని బతిమాలడం నేను వినడం అదే మొదలు.

హైమవతి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆనాటి పాటే ఎత్తుకుంది. పైస్థాయి దగ్గర గొంతు లేవలేదు. జీరపోయి ఆగిపోయింది.

"చూశారా మామయ్యగారూ, మీరన్నదే నిజం," అని లోపలికి వెళ్లిపోయింది.

మస్తాను కొత్త కండెన్సరు వేశాడు. ఇప్పుడు నా గొంతు ఖంగుమంటోంది. నాకు సిగ్గుగా ఉంది.