పెద్దకత్తి భుజంలో నీటితిత్తి

కబేళాలో అందరూ అతన్ని పెద్దకత్తి అనేవారు. ఇరవై రెండేళ్లుగా మాంసం కొట్టే మొదటి మొద్దు అతనిదే. గొర్రె కార్జంలో నీటితిత్తి కనిపిస్తే కత్తిమొనతో పొడిచి, నీళ్లు కార్చి, తిత్తిని తన కుక్కకు విసిరేవాడు. అది గాల్లోనే అందుకునేది. ఇంట్లో దానికి అతని పక్కలోనే చోటు.

అలాంటి తిత్తే అతని కుడిభుజంలో ఉందని స్కానింగ్ చూసి డాక్టరమ్మ చెప్పింది.

"ఇలాంటి తిత్తులు తిన్న కుక్క కడుపులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క నాలుకకీ బొచ్చుకీ అంటి మనిషికి చేరితే ఇది వస్తుంది. మామూలుగా కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో కాపురం పెడుతుంది. కండలో రావడం అరుదు. అందుకే ఇన్నాళ్లూ కొవ్వు గడ్డ అనుకున్నారు. ముందు మాత్రలు వాడాలి. తర్వాత పగలకుండా కోసి తీయాలి. మూడు నెలలు కత్తి పట్టొద్దు."

మూడు నెలలు అన్న మాట దగ్గరే పెద్దకత్తి చెవులు మూసుకుపోయాయి. తోడొచ్చిన బావమరిది మాత్రం చేతులు కట్టుకుని అడిగాడు.

"పొరపాటున పొడిస్తే ఏమవుతుంది మేడమ్?"

"ఆ నీళ్లు లోపల చిమ్మితే గొంతు మూసుకుపోయి మనిషే పోవచ్చు. బతికినా పిల్లతిత్తులు లేస్తాయి."

బావమరిది బుద్ధిగా తలూపాడు.

కబేళాలో ఒక కట్టుబాటు ఉంది. మొద్దు ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదు, ఎక్కినవాడిదే మొద్దు. అప్పట్లో మొదటి మొద్దు మామది; ఆయన కాలు విరిగి మంచానపడ్డ మర్నాడే పెద్దకత్తి దాన్ని ఎక్కాడు. కుంటుకుంటూ తిరిగొచ్చిన ముసలాయనకు పేగులు కడిగే తొట్టి చూపించాడు. ఆయన ఆ తొట్టి దగ్గరే పోయాడు. ఈ బావమరిది ఆయన కొడుకే.

మూడోరోజు పని ముగిశాక పెద్దకత్తి కడుగుడుగదిలో చొక్కా విప్పాడు.

"ఒరేయ్, పశువుల డాక్టరు వదిలేసిన లావుసూది పట్రా. ఈ నీళ్లు లాగేయ్."

"డాక్టరమ్మ వద్దంది కదా బావా."

"ఆవిడ ఎన్ని తిత్తులు చూసుంటుందిరా? నేను వేలల్లో పొడిచాను. నీకు చేతులు వణికితే మీ అక్కని పిలువు. నన్ను పొడవడం దానికి రోజూ ఉన్న పనే."

"అక్కెందుకు బావా, నేను లేనూ?"

వాడి చెయ్యి వణకలేదు. సిరంజిలోకి తేటనీళ్లు వచ్చాయి. పెద్దకత్తి పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే నాలుక దురదపెట్టింది. దద్దుర్లు మెడ మీదికి పాకాయి. గాలి అందక అతను బావమరిది చొక్కా పట్టుకున్నాడు. వాడు ఒక్కొక్క వేలూ విడిపించుకుని, సూది కడిగి, తుడిచి, అలమరలో పెట్టి, అప్పుడు కేకేశాడు.

"అయ్యో, బావకేదో అయింది, రండ్రా!"

ఆసుపత్రిలో బతికించారు. రెండేళ్లు తిరక్కుండానే భుజం నిండా ద్రాక్షగుత్తిలా తిత్తులు లేచాయి. రెండుసార్లు కోశారు. చెయ్యి తడిగుడ్డలా వేలాడిపోయింది.

ఇప్పుడతను తొట్టి దగ్గర ఎడంచేత్తో పేగులు కడుగుతున్నాడు. ఓ రోజు బావమరిది, ఇప్పుడు తనదైన మొదటి మొద్దు మీంచి, తిత్తి ఉన్న కార్జం ముక్క అతని ఒళ్లోకి విసిరాడు.

"కుక్క చూస్తోంది బావా, వెయ్యి."

"వద్దురా. డాక్టరమ్మ కుక్కలకి పెట్టొద్దంది."

"ఆవిడ ఎన్ని తిత్తులు చూసుంటుంది బావా?"

మొద్దుల దగ్గర అందరూ ఘొల్లున నవ్వారు. అతను వేశాడు. కుక్క గాల్లోనే అందుకుని, మింగి, వచ్చి ప్రేమగా అతని చెయ్యి నాకింది.