సగం తలుపు, రెండు సెంట్ల నేల

నేను ఒక తలుపును. నిజం చెప్పాలంటే సగం తలుపును. రెండు రెక్కల తలుపులో ఎడమ రెక్కను. కుడి రెక్క ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడో ఒక గోడకి ఆనుకుని ఉందో, ఏ పొయ్యిలోకి పోయిందో చెప్పేవాళ్ళు లేరు.

మా ఇద్దరినీ ఒకే బర్మా టేకు మానులోంచి కోశారు. ఓడ మీద కాకినాడ రేవుకి వచ్చిన మాను అది. పెద్దాపురంలో ఒక బియ్యం వర్తకుడి ఇంటికోసం వీరాచారి అనే వడ్రంగి నాలుగు నెలలు కూర్చుని మమ్మల్ని చెక్కాడు. ముఖం మీద పద్మాలు, అంచుల వెంట తీగ. వీపు మాత్రం నున్నగా, చెయ్యి వేస్తే జారిపోయేటట్టు. ఎనభై ఏళ్ళపాటు రోజూ గడియ వేయగానే మేమిద్దరం ఒకటయ్యేవాళ్ళం, తెల్లవారి గడియ తీయగానే విడిపోయేవాళ్ళం. మళ్ళీ కలుస్తాం కనుక అది విడిపోవడమని మాకు ఏనాడూ అనిపించలేదు.

వర్తకుడి మనవలు ఇల్లు పంచుకున్నారు. హాలు మధ్యన గోడ కట్టారు, బిందెలు పంచుకున్నారు, బావి నీళ్ళకి వంతులు పెట్టుకున్నారు. సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు ఆలోచనలో పడ్డారు. "చెరో రెక్కా తీసుకోండి, గొడవుండదు" అన్నాడొకాయన. అది న్యాయమని అందరూ తలలూపారు. సగం తలుపు ఏ గుమ్మానికీ చాలదని అన్ని తలల్లో ఒక్కదానికీ తోచలేదు. తమ్ముడి వాటాకి వచ్చిన నేను కొన్నాళ్ళు పశువుల పాకకి అడ్డుగా నిలబడి, ఒంటినిండా ఆకుపచ్చ రంగు పూయించుకుని, చివరికి కాకినాడలో పాత కలప అమ్మే అడితికి చేరాను.

అక్కడికి వచ్చింది నూకరత్నం. ఇరవై రెండేళ్ళ పిల్ల. పెళ్ళయి నాలుగు నెలలైంది. మొగుడు లోవరాజు అద్దె ఆటో నడిపేవాడు. ఆమె ఒక అపార్టుమెంటు సెల్లారులో ఇస్త్రీ పని మొదలుపెట్టబోతోంది. నన్ను చూసి ఆగి, వీపు మీద అరచెయ్యి పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమిరింది.

"ఇదెంతకిత్తారండి?"

"సగం తలుపమ్మా అది. అయినా నీకు ఇల్లుందా?" అన్నాడు అడితి కొండబాబు.

"లేదండి."

"ఇల్లు లేకుండా తలుపేం చేసుకుంటావు?"

లోవరాజుకి నవ్వాగలేదు. "జనం ఇల్లు కట్టుకుని తలుపు కొంటారే. నువ్వు తలుపు కొని దానికి ఇల్లు తొడుగుతావేటి?"

"నీకు తెలీదు, ఊరుకో. ఇస్త్రీకి బల్ల కావాలి గదా? ఇల్లయ్యేదాకా బల్ల. ఇల్లయ్యాక తలుపు."

మూడు వేలు చెప్పిన కొండబాబు చేత పద్దెనిమిది వందలకి ఒప్పించి, నన్ను ఆటో మీదికి ఎక్కించింది. దారి పొడవునా చెయ్యి బయటికి చాపి నన్ను పట్టుకునే కూర్చుంది. ఎదురొచ్చే లారీకి ఆ చెయ్యి ఎక్కడ తగులుతుందోనని నేను హడలిపోయాను.

సెల్లారులో నన్ను రెండు ఇనుప డ్రమ్ముల మీద బోర్లా పడుకోబెట్టింది. పద్మాలు నేలకి, వీపు పైకి. మీద దుప్పటి, దాని మీద తెల్ల గుడ్డ. ఆరేళ్ళు నేను లోకాన్ని కింద నుంచే చూశాను. బొగ్గుల ఇస్త్రీ పెట్టెలోంచి ఎప్పుడు నిప్పురవ్వ రాలుతుందోనని భయం. రెండుసార్లు రాలింది కూడా. రెండుసార్లూ ఆమె గుడ్డతో కాదు, చేత్తోనే ఆర్పింది.

డబ్బు కూడబెట్టే పద్ధతి ఆమెకి ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది. బోణీ డబ్బు ముట్టుకోకూడదని నియమం. పొద్దున్నే మొదటి మూటకి ఎంత వస్తే అంత కట్టబోయే ఇంటిది. నెలాఖరుకి పోస్టాఫీసులో కట్టేది. అయితే మొదటి మూట ఒక్కోరోజు రెండు చొక్కాలే అయ్యేది. నెల తిరిగేసరికి పిల్లకి ఉపాయం తట్టింది. మూడో అంతస్తు కామేశ్వరి గారిది పెద్ద సంసారం, రోజుకి పాతిక బట్టలకి తక్కువుండవు.

"అమ్మగారండీ, మీ చెయ్యి చాలా మంచిదండి. మీ మూటతో బోణీ అయితే ఆ రోజు నాకు ఊపిరి సలపనంత పనండి" అంది.

ఆవిడ పొంగిపోయి అప్పట్నుంచి ఆరున్నరకే మూట పంపేది. అంతకు ముందే ఎవరైనా రెండు చొక్కాలు పట్టుకుని వస్తే, "బొగ్గులింకా రాజుకోలేదండి, కాసేపాగి రండి" అనేది. పెట్టెలో బొగ్గులు ఎర్రగా కణకణలాడుతూ ఉండేవి. ఆ సంగతి నాకు తెలియదూ! ఆ వేడంతా నా వీపు మీదే కదా. అబద్ధం ఆడటం తప్పేనేమో గాని, ఆ పిల్ల ఆడినన్ని సార్లూ నేను ఆమె పక్షమే.

ఆరేళ్ళలో నాలుగు అద్దె గదులు మారారు. ఎండాకాలం సెలవులకి అపార్టుమెంటు ఖాళీ అయితే నన్ను గదికి తీసుకెళ్ళేవారు. అప్పుడు నేను మంచాన్ని. "ఇదేంటమ్మా, మా ఇంటికి తలుపు లేదనుకున్నావా?" అని ఇంటావిడలు దెప్పేవారు. నూకరత్నం నవ్వేసేది. లోవరాజు మాత్రం అప్పుడప్పుడు చిన్నబుచ్చుకునేవాడు. తోటి ఆటోవాళ్ళందరూ వాయిదాల మీద పెద్ద టీవీలు కొన్నారని ఒకసారి అలిగాడు.

"టీవీ ఏ గోడకి తగిలిత్తావు?" అని అడిగింది.

"గోడేటి, ఈ గోడకే."

"ఈ గోడ మనదా?"

అతను పక్కకి తిరిగి పడుకున్నాడు. తెల్లారి తనే వెళ్ళి ఆ నెల పోస్టాఫీసు డబ్బు కట్టి వచ్చాడు. అతన్ని కూడా నేను తక్కువ చేసి చెప్పను.

నాలుగో ఏడు ఊరి శివార్న, తూరంగి అవతల రెండు సెంట్ల స్థలం కొన్నారు. ఆరో ఏడు గోడలు లేచాయి. నూకరత్నం నన్ను కొలిచిన పురికొస పట్టుకెళ్ళి తాపీమేస్త్రి ముందు పెట్టింది. అతను కొలిచి నోరు తెరిచాడట. ఏడడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు. "ఇదేం గుమ్మమమ్మా, ఒంటెని పెంచుతారా?" అన్నాడని లోవరాజు వచ్చి చెప్పి పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. నాకోసం ఒక గుమ్మం లేచిందన్న మాట వినడం నాకు అదే మొదలు.

శ్లాబు దగ్గర పని ఆగిపోయింది. నలభై వేలు తక్కువ. జీతం కాగితం లేదని బ్యాంకువాళ్ళు అప్పు కుదరదన్నారు. వానలు నెలరోజుల్లోకి వచ్చాయి. పైకప్పు లేని గోడలు తడిస్తే ఏమవుతాయో మేస్త్రి చెప్పనే చెప్పాడు. పైగా అద్దె గది ఖాళీ చెయ్యమన్నారు.

"ఐదు రూపాయల వడ్డీకి తెత్తాను" అన్నాడు లోవరాజు.

"వద్దు. వడ్డీ శ్లాబు కింద నాకు నిద్దరట్టదు."

ఆ వారమే నన్ను కడగడానికని గోడకి నిలబెట్టారు. బోణీ మూటతో తనే కిందికి దిగిన కామేశ్వరి గారు ఆరేళ్ళలో మొదటిసారి నా ముఖం చూసింది. గోటితో ఆకుపచ్చ రంగు గీకింది. కింద టేకు మెరిసింది. ఆవిడ కొడుకు బీచి రోడ్డులో భోజన హోటలు పెడుతున్నాడు, పాతకాలం సామాను కోసం ఊళ్ళు తిరుగుతున్నాడు. సాయంత్రానికి అతనొచ్చి పాతిక వేలిస్తానన్నాడు.

నూకరత్నం ఇస్త్రీ పెట్టె కింద పెట్టింది. "రేపు చెప్తానండి."

అతను వెళ్ళాక లోవరాజు మెల్లగా అడిగాడు. "ఇచ్చేత్తావేటే? గుమ్మం దీనికోసమే కదా ఎత్తించావు?"

"తలుపు లేకపోతే గోనెపట్టా కట్టుకునుంటాం. పైన కప్పు లేకపోతే ఏం కట్టుకుంటాం?"

"అదీ నిజమే. గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. నువ్వు అవతలికెళ్ళు కాసేపు."

అతను వెళ్ళాక ఆమె నా ముందు చతికిలబడి, ఇనప బ్రష్షుతో పద్మాల మధ్య ఉన్న రంగంతా గీకింది. ఏడుస్తోందో లేదో నాకు సరిగా కనబడలేదు, తల వంచుకుంది. అమ్మకానికి పెట్టే వస్తువుని శుభ్రం చేస్తోందా, వెళ్ళిపోయేదానికి తలంటుతోందా అని అనుకున్నాను. రెండూ అయి ఉంటాయి. మర్నాడు హోటలు అతను వచ్చేసరికి నేను వీరాచారి చెక్కినప్పటిలా ఉన్నాను.

"నలభై అండి" అంది.

"నిన్న పాతిక కదా?"

"నిన్న పువ్వులు కనబళ్ళేదు గదండి."

అతను ముప్పై అన్నాడు, ముప్పై ఐదన్నాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి తల్లి పైనుంచి, "ఇచ్చెయ్యరా, బోణీ వేళకి బేరమాడకు" అని కేకేసింది. వ్యానులోకి ఎక్కించేముందు నూకరత్నం ఇస్త్రీ దుప్పటి తెచ్చి నాకు చుట్టి తాడు కట్టింది. "గీతలు పడకుండా తీసుకెళ్ళండి" అంది. ఆ దుప్పటి మళ్ళీ తనకి కావాలని కూడా అనలేదు.

ఇప్పుడు నేను హోటలు గోడ మీద ఉన్నాను. నా వెనక గది లేదు, ఇటుకలున్నాయి. ఫలానా జమీందారు కోట తలుపని సర్వరు కుర్రాళ్ళు చెబుతారు. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. జమీందారు నన్ను ఎరగడు, నేనూ ఆయన్ని ఎరగను. సగమే ఉండటం చాలా అందంగా ఉందని ఒకమ్మాయి అంది. పెద్దాపురం పెద్దమనుషులు వింటే సంతోషించేవారు.

మొన్న శ్రావణమాసంలో లోవరాజు ఇక్కడికి గిరాకీని దించి, హోటలు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశాడు. కాపలాదారు ఏమిటన్నాడు.

"అది మా తలుపండి. ఒక్కసారి చూసెల్లిపోతాను."

కాపలాదారు నవ్వి లోపలికి రానిచ్చాడు. లోవరాజు నా ముందు నిలబడి, చెప్పేది నాతోనో అతనితోనో తెలియకుండా చెప్పాడు. "శ్లాబు ఏసేశామండి. ఈ నెల్లోనే ఇంట్లో దిగిపోయాం."

"మరి తలుపో?"

"రేకు తలుపెట్టామండి. గుమ్మం దీని కొలత కదా, అది సరిపోలేదు. పైన జానెడు కాళీ ఉండిపోయింది. చెక్క కొట్టేత్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు. పొద్దున్నే ఎండ అందులోంచే పడతాది, ఉండనీ అంటాది."

"పిచ్చుకలు దూరతాయి కదయ్యా."

"దూరేసినియ్యండి. అయ్యి మాకంటే ముందే గృహప్రవేశం చేసేసినియ్యి."

బయట ఎవరో ఆటో కోసం పిలిచారు. అతను గబగబా వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో జానెడు మేర నేనున్నానని అప్పట్నుంచి అనుకుంటున్నాను. సంతోషమే. కాకపోతే ఈ వానల్లో ఆ ఖాళీలోంచి జల్లు లోపలికి కొడుతుందేమో. గుమ్మం ముందుకి శ్లాబు రెండడుగులు పొడిగించారో లేదో కాపలాదారు అడగలేదు, అతనూ చెప్పలేదు.

పొడిగించే ఉంటుంది. ఆ పిల్ల సంగతి నాకు తెలుసు.