సీటు కింద ఇసుక

చేపల కాటా ముల్లు వణుకుతోంది.

పైన ఎవరూ లేరు. ఉప్పుగాలి ఒక్కటే...

ఫ్లోరిడా రేవులో ఆ చలికాలమంతా మనుషుల్ని తూచింది ఆ కాటాయే. పొద్దున చేపల్ని, ఎండెక్కాక ప్రయాణికుల్ని. నీళ్ళ మీంచి లేచి నీళ్ళ మీదే దిగే ఆరిన్ విమానంలో ప్రయాణికుడికి ఉన్నది ఒకే సీటు, అతని పక్కన. తేలికైనవాళ్ళు కూర్చుంటే విమానం ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని సీటు కింద ఇసుక సంచి పెట్టేవాళ్ళు.

మనుషుల్ని తూచేది అతని భార్య హెస్టర్. సంచులు కుట్టేది హెస్టర్. రెక్కలకి గుడ్డ కుట్టిందీ ఆమే.

ఎప్పుడూ ఎగరనిదీ ఆమే.

మొగుడు ఊరినంతా ఎగరేశాడు. బట్టల కొట్టు ఆసామిని, పళ్ళ డాక్టరుని, మంచుకి భయపడి ఉత్తరాది నుంచి దిగిన ముసలమ్మల్ని. అవతలి ఒడ్డుకి రైల్లో అయితే అఖాతం చుట్టూ తిరిగి ఒక పూట. ఆరిన్‌తో అయితే కాఫీ చల్లారేలోపు.

"చూస్తూ ఉండండి, జనం బండెక్కినట్టు ఆకాశమెక్కుతారు" అనేవాడు. ఊరు నవ్వేది. హెస్టర్ నవ్వేది కాదు.

"మరి నన్నెప్పుడు?" అనేది.

"రేపు."

రేపు ఆ సీటు ఇంకెవరో కొనేవారు. మళ్ళీ రేపు...

చలికాలం అయిపోయింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆఖరి రోజు సీటు ఎవరూ కొనలేదు. ఆరిన్ ఆమెని కాటా ఎక్కించాడు. ముల్లు చూసి పగలబడి నవ్వాడు.

"ఇదేమిటే, కొంగపాటి బరువైనా లేవు! ఇసుక లేకపోతే గాలికి కొట్టుకుపోతావు."

"పోనీ. నీ రేపుల కంటే అదే నయం."

అన్నిటికన్నా పెద్ద సంచి అతనే నింపాడు. మోసుకెళ్ళి సీటు కిందికి తోశాడు. హెస్టర్ కళ్ళకి గాలి అద్దాలు పెట్టుకుంది. సంతోషం... పెళ్ళినాడు కూడా లేనంత.

అప్పుడొచ్చాడు లాసారో, పరిగెత్తుకుంటూ. అవతలి ఒడ్డున చుట్టల ఫ్యాక్టరీలో పనివాడు, ఆ రోజు ఏదో పని మీద ఇటొచ్చాడు. భారీ మనిషి. చేతిలో తంతి కాగితం నలిగిపోయి ఉంది.

"అమ్మగారూ... మా ఆవిడకి నొప్పులొస్తున్నాయంట. బిడ్డ అడ్డం తిరిగిందంట. రైలు వెళ్ళిపోయింది."

హెస్టర్ పక్కకి తప్పుకుంది. అద్దాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎక్కు నాయనా."

"రేపు నిన్నే. ఒట్టు" అన్నాడు ఆరిన్.

కాటా ఎక్కమని ఎవరూ అనలేదు. భార్య ప్రాణం కోసం పరిగెత్తుకొచ్చిన మనిషిని ఎవరు తూస్తారు?

విమానం నీటిని వదల్లేక వదల్లేక వదిలింది. ఎదురుగాలి. పెలికాన్ పక్షులు దానికంటే ఎత్తున పోతున్నాయి. హెస్టర్ చప్పట్లు కొట్టింది, పిచ్చిది.

సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి తంతి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం. తండ్రి ఏడీ?

రేవులో పడవలన్నీ వెతకడానికి కదిలాయి. కాటా యజమాని, ముసలి కేలబ్, ఆమె దగ్గరికొచ్చాడు.

"బెంగపడకమ్మా. అడుగున అది పడవేగా. ఎక్కడో తేలుతూ ఉంటుంది. మనవాళ్ళు లాక్కొస్తారు."

హెస్టర్ తల ఊపింది. చేతులు ఊరుకోక సంచులు సర్దడం మొదలుపెట్టింది.

ఒకటి లేదు.

పెద్దది.

చెక్కల కింద వెతికింది. తాళ్ళ చుట్టల వెనక వెతికింది. అక్కడ ఉండదని తెలుసు, అయినా వెతికింది. సంచి సీటు కిందే ఉండిపోయింది. ఆరిన్ మరిచిపోయాడు. తనూ మరిచిపోయింది. అంత మనిషి బరువు, దాని కింద తన కోసం నింపిన ఇసుక... ఒక్కసారి కాటా ఎక్కించి ఉంటే గుర్తొచ్చేది.

ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ నవ్వు మీద, ఆ ఒట్టు మీద, తన మంచితనం మీద.

అఖాతం మీద పడవల దీపాలు తిరుగుతున్నాయి. ఒక్కటీ వెనక్కి రావడం లేదు.

హెస్టర్ కాటా ఎక్కింది. ముల్లు కొంచెం లేచింది. ఆగింది. తనకి కలవాల్సిన మిగతా బరువు నీళ్ళ మీద ఎక్కడో ఉంది... లేదా నీళ్ళ కింద.

దిగింది.

పైన ఎవరూ లేరు. అయినా ముల్లు వణుకుతూనే ఉంది...