నోరు మెదపకూడని గంట

పరీక్ష జరిగే గంటసేపూ మిషన్ చేసిన మనిషి నోరు మెదపకూడదు. దగ్గకూడదు, సైగ చేయకూడదు. కంప్యూటర్ ముట్టని మనిషిని ఒకరిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. చేసినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని కుర్చీ వెనక నిలబడాలి. కూర్చున్న మనిషి తికమకపడితే తప్పు మిషన్‌ది. మళ్ళీ మొదటికి రావాల్సిందే.

కంప్యూటర్లు చేసే ఆ కంపెనీ మొత్తం ఒక లాండ్రీ షాపు పైన మూడు గదుల్లో ఇమిడిపోయిన రోజుల్లో ఆ నియమం పెట్టినవాడు బావ. అతనితో కలిసి మిషన్ చేసిన ఆమెకు మేనత్త కొడుకు. అతను మిషన్‌కు పై పెట్టెలు చేసేవాడు, ఆమె లోపలి తీగలు అతికేది. ఇద్దరికీ ఒకటే బల్ల. కింది ఇస్త్రీ పెట్టెల వేడికి పైన నేల ఎప్పుడూ వెచ్చగా ఉండేది. 'మొదటి మిషన్ బయటికి వెళ్ళాక మాట్లాడుకుందాం' అని వాయిదా వేసుకున్న మాట ఒకటి ఇద్దరి మధ్యా ఉండేది.

పదిహేనేళ్ళయినా అది వాయిదాలోనే ఉంది.

ఇప్పుడు కంపెనీకి అయిదంతస్తుల భవనం. తయారీ విభాగమంతా ఆమె చేతికింద. కొత్త మిషన్ సిద్ధమైంది కానీ, పరీక్షకు మనిషే దొరకలేదు. కంప్యూటర్ ముట్టనివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారని?

"మీ బావగారు లేరూ?" అంది టెలిఫోన్ ఆపరేటర్. మూడు గదుల కాలం నుంచీ ఉన్న మనిషి. ఆ నోటికి తాళం ఉండదు. "కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నారట. ఇక్కణ్ణించి పోయాక కంప్యూటర్ వైపు కన్నెత్తి చూడలేదట. మనమీద కోపమంటే సరే, పాపం అదేం చేసిందనీ?"

"పిలిస్తే రాడు."

"మీరు పిలవరని తెలిసే నేను పిలిచేశాను. రేపు పదింటికి వస్తున్నారు."

ఆ రాత్రి ఆమె పాత పరీక్ష పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది.

మొదటి మిషన్ పరీక్షలో కూర్చున్నది అత్త. బావ మరమేకులు కొనడానికి వెళ్ళాడు, వెనక ఈమె ఒక్కతే నిలబడింది. స్విచ్ పెట్టెకు వెనకవైపు ఉంది. అత్త నలభై నిమిషాలు తడుముకుంది. కింద సరుకు తీసుకెళ్ళే వ్యాన్ హారన్ కొడుతోంది. ఈమె ఉండబట్టలేక గడ్డంతో అటు చూపించింది. మిషన్ నెగ్గింది.

నెల తిరక్కుండా అమ్మినవాటిలో సగం 'చచ్చిపోయాయి' అంటూ వెనక్కొచ్చాయి. నిజానికి ఒక్కటీ చావలేదు. స్విచ్ ఎక్కడుందో జనానికి దొరకలేదు, అంతే. అందరూ పెట్టెను ఆడిపోసుకున్నారు. పరీక్షలో నెగ్గిన పెట్టె బయట ఎందుకు ఓడిందని బావను నిలదీశారు. అతను మూడు వారాలు ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒకరోజు పనిముట్లు సంచిలో సర్దుకుని మెట్లు దిగిపోయాడు. అప్పుడూ ఈమె నోరు విప్పలేదు.

రేపు విప్పాలి. విప్పి, మళ్ళీ బల్ల దగ్గరికి రమ్మనాలి.

పరీక్షకు ముందే చెప్పేయాలనుకుంది. కానీ బావ సరిగ్గా పదింటికి వచ్చాడు. చెవుల దగ్గర నెరిసింది. వేళ్ళకు కుట్టుమిషన్ నూనె మరకలు.

"బాగున్నావా?" అని కుర్చీలో కూర్చున్నాడు.

"గంట మొదలు," అంది ఆపరేటర్ గోడ గడియారం కింద నిలబడి.

స్విచ్ వెంటనే దొరికింది. తెరమీద కాగితం లాంటి తెల్లటి చోటు తెరుచుకుంది. బావ ఒక్కొక్క మీటనే వెతుక్కుంటూ టైపు చేయసాగాడు. ఆమె భుజం మీదుగా చదివింది.

'నువ్వు గడ్డంతో చూపించావని పెట్టెలు వెనక్కొచ్చిన వారమే అమ్మ చెప్పింది.'

అతను తర్వాతి వరుసకు దిగాడు.

'నువ్వే చెప్తావని మూడు వారాలు చూశాను.'

బావా అని ఒక్క మాట అంటే చాలు. అంటే పరీక్ష పోతుంది. ఆ నియమం తన వల్లే రెండోసారి తప్పుతుంది, ఈసారి అది పెట్టిన మనిషి ముందే.

అతను మూడో వరుస రాస్తున్నాడు. ముందుకు వంగడంతో భుజం అడ్డొచ్చింది. ఆమెకు అక్షరాలు కనబడలేదు.

రాయడం అయిపోయింది. దాన్ని చెరిగిపోకుండా మిషన్‌లో దాచడమెలాగో అతనికి తెలియలేదు. తెర అంచున ఉన్న చిన్న బొమ్మల మీదుగా వేలు ఆడించాడు. దాచే బొమ్మ అక్కడే ఉంది. అది దాచేదని ఆ బొమ్మను చూసి ఎవరికి తెలుస్తుంది? ఆమె అరచేతిలోకి గోళ్ళు దిగాయి. పన్నెండు నిమిషాలు వెతికి అతను స్విచ్ నొక్కేశాడు.

తెర నల్లబడింది.

"గంట నిండింది," అంది ఆపరేటర్.

"పోయిందా?" అన్నాడు బావ వెనక్కి తిరిగి.

"పోయింది. తప్పు నీది కాదు." ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. "అప్పుడూ నీది కాదు. నేనే చూపించాను బావా. పెట్టెను అందరూ తిడుతుంటే వింటూ కూర్చున్నాను."

ఆపరేటర్ చూపు గడియారం మీంచి ఆమె మీదికి మళ్ళింది.

"ఈసారి చూపించలేదుగా," అన్నాడతను లేస్తూ.

"వచ్చేయ్. ఆ బొమ్మ మార్చాలి. నువ్వుంటే..."

"నా దగ్గర పదకొండు కుట్టుమిషన్లు విప్పి ఉన్నాయే. వాటికి స్విచ్చి గొడవే లేదు, హాయి." నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

"మూడో వరుస ఏం రాశావు?"

అతను గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. నోటితో చెప్పమంటే ఎలా?"

లిఫ్ట్ ఉన్నా మెట్ల మీదుగానే దిగిపోయాడు.

ఆమె పరీక్ష పుస్తకంలో 'ఓడింది' అని రాసి సంతకం చేసింది. ఆపరేటర్ వెళ్ళేదాకా ఆగి, కుర్చీలో కూర్చుంది. ఆ మిషన్ లోపలి ప్రతి తీగ దారీ ఆమె గీసిందే. దాచకుండా ఆపేస్తే అందులో ఒక్క అక్షరం కూడా మిగలదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

అయినా స్విచ్ వేసి చూసింది.