కంటిపాప మీద గీత

సానరాయి మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే అల్లాబక్షు అద్దం అంచు అరగదీస్తున్నాడు. కుడి బొటనవేలి గోరు సగం ఎప్పుడో ఆ రాయే తినేసింది. మిగిలిన సగంతో అంచు తడుముతాడు, తల పక్కకి వాల్చి రాయి చప్పుడు వింటాడు, మళ్ళీ ఆనిస్తాడు. బ్రాడీపేటలో మెట్ల కింద గూడులాంటి ఆ కొట్లో అతను జీవితమంతా చేసింది ఈ పనే. గుంటూరు ముసలాళ్ళలో సగం మంది పేపరు చదివేది అతను అరగదీసిన అద్దాల్లోంచే. మిగతా సగానికి చదువు రాదు. కానీ 2007లో ఎనిమిదేళ్ళ పిల్లకి దగ్గరి లోకం చూపించిన ఘనత అతనొక్కడిదే కాదు, నాది కూడా. నేను లేకపోతే ఆ పని జరిగేదే కాదు.

ఆ పొద్దున నసీమున్నీసా వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే మనిషి. ముందు మనకి తుమ్ము వస్తుంది, వెనకాలే ఆమె వస్తుంది. ఆమె వేలు పట్టుకుని కూతురు యాస్మిన్. గుండ్రటి ముఖం, పొట్టి వేళ్ళు, అణిగిన ముక్కు, ఎవరిని చూసినా నవ్వు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. పై అంతస్తులో కళ్ళ డాక్టరు హారిక గారు ఈ పిల్లకి బైఫోకల్ రాశారు. గీతకి పైన దూరం, కింద దగ్గర. అల్లాబక్షు చేసి ఇచ్చిన ఆ జోడే ఇప్పుడు మళ్ళీ బల్ల మీదకి వచ్చింది.

"పెట్టుకోట్లేదు భాయ్, తీసి ఇసిరేస్తంది. పలక వంక చూడని పిల్లని నేనేం చేసుకోనమ్మా అంటంది బళ్ళో టీచరమ్మ. సోమారం దాకా చూస్తదంట. ఆ తర్వాత నాతోపాటు మిరపకాయల్లో కూచోబెట్టుకోవాల్సిందే."

"ముసలాళ్ళ అద్దాలు పిల్లకెందుకా అని నేను అప్పుడే అనుకున్నానమ్మా" అన్నాడు అల్లాబక్షు.

"ఇంకో వారం ఆగితే డాక్టరమ్మ చేతికర్ర కూడా రాస్తుందిరా" అన్నాను నేను, ఆ కొట్లో రోజూ కబుర్లకి కూర్చునే స్టూలు మీంచి. ఎవరూ నవ్వలేదు. పిల్ల ఒక్కతే నవ్వింది.

కబురు పంపితే డాక్టరమ్మ దిగి వచ్చారు. జోడు పిల్లకి పెట్టి, వంగి చూశారు.

"గీత ఎక్కడ పెట్టారు బక్షు గారూ?"

"ఎక్కడ పెడతామండి, కింది రెప్ప దగ్గర. అందరికీ అక్కడే."

"మీరనే ఆ అందరూ ముసలాళ్ళు. వాళ్ళు కళ్ళు కిందికి దించి చదువుకుంటారు. ఈ పిల్లకి అది తెలీదు. మీ గీత మీదుగా ఎదురుగానే చూస్తోంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి దగ్గరి వస్తువు మీద చూపు కుదరదండీ, అంతా మసకే. గీత కంటిపాప మధ్యకి రావాలి. చీటీలో రాశాను కదా!"

"రాశారండి. చెయ్యి జారిందేమో అనుకున్నాను."

"చెయ్యి జారలేదు" అని ఆవిడ నవ్వి పైకెళ్ళిపోయారు.

అల్లాబక్షు ఆ పాత జోడు చేతిలోకి తీసుకున్నాడు. పలక ఒక మబ్బు, అన్నం ఒక మబ్బు. ఎనిమిదేళ్ళు. ఆ మబ్బులోంచే ఈ పిల్ల అందరినీ చూసి నవ్వింది.

"లెగరా ముందు" అన్నాడు నాతో. లేచాను. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు కటకటమంటుంటే తను నేల మీద చతికిలబడ్డాడు. తన కళ్ళు పిల్ల కళ్ళకి ఎదురుగా వచ్చాక, అద్దాల్లేని కొత్త ఫ్రేముకి సెల్లోటేపు అంటించి పెట్టి, కంటిపాప నడిమికి ఎదురుగా టేపు మీద పెన్నుతో చుక్క పెట్టాడు. నేను లేకపోతే జరిగేది కాదన్నానే, అది ఇదే: స్టూలు ఖాళీ చేశాను. అదీ లెగమంటేనే.

ఆ రోజు నమాజుకి లేచాడు గాని అన్నానికి లేవలేదు. కొత్త అద్దాలు సానబట్టాడు. మూకుట్లో ఇసుక వేడి చేసి, ఫ్రేము అందులో గుచ్చి, మెత్తబడ్డాక ఆ అణిగిన ముక్కుకి తగ్గట్టు వంచాడు. జారకుండా వెనక ఎలాస్టిక్ కట్టాడు.

సాయంత్రం పెట్టాడు. ఎప్పుడూ అటూ ఇటూ ఊగే పిల్ల తల ఆగిపోయింది. పొట్టి చెయ్యి మెల్లగా లేచింది. తల్లి జాకెట్టు చేతికి అంటుకున్న మిరపగింజని రెండు వేళ్ళతో ఒలిచి తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తల్లి అరచేతిలో పెట్టి, "అమ్మీ, ఇది" అంది.

నసీమున్నీసా అరచెయ్యి మూయలేదు. అల్లాబక్షు తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దగ్గర ఇంత దూరమని నాకు తెలీదురా యలమందా" అన్నాడు.

సోమవారం యాస్మిన్ పలక మీద సున్నా చుట్టింది. వంకర సున్నా. టీచరమ్మ ఇంటికి పంపలేదు.

ఆ తర్వాత అల్లాబక్షు ఇంకో రెండు మిరప పంటలే చూశాడు. ఒక పొద్దున కొట్లో గోడకి ఆనుకుని, తల పక్కకి వాల్చి ఉన్నాడు. సానరాయి మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. చప్పుడు వింటున్నాడనుకుని వచ్చినవాళ్ళు కాసేపు ఆగారు కూడా.

ఇందులో ఒకటి నేను కల్పించాను. మిరపగింజ. నిజానికి ఆ పిల్ల తన తల్లి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కనుబొమలు, ముక్కుపుడక, పెదవి మీద పుట్టుమచ్చ, ఒక్కొక్కటే వేలితో తాకుతూ చూసింది. ఎనిమిదేళ్ళుగా గొంతూ, మిరప ఘాటూ మాత్రమే అయిన మనిషికి ముఖం వచ్చింది. అది చెబితే నమ్మరని గింజ పెట్టాను. నా అబద్ధాలు నమ్మినంత తేలిగ్గా నా నిజాలు ఎవరూ నమ్మరు.

మొదటి జోడు మాత్రం నిజం. అల్లాబక్షు పోయాక సొరుగులో దొరికిందని అతని భార్య సర్దార్‌బీ తెచ్చి ఇచ్చింది. మా కిటికీ మేకుకి వేలాడుతోంది, అరచేతిలో ఇమిడేంత జోడు. గీత ఇంకా కింది అంచునే ఉంది, ఆ పిల్ల ఒక్కసారి కూడా చూడని చోట.