తడవని అంగీ

శనివారం వచ్చిందంటే పెద్దకోడలి కుట్టుమిషనుకి ఊపిరాడదు. ఆదివారం బాప్తిస్మం తీసుకునేవాళ్ళకి తెల్ల అంగీలు ఆవిడే కుడుతుంది. నీళ్ళలోకి దిగగానే అంగీ బుడగలా పైకి లేవకుండా అంచు మడతలో చిన్న చిన్న ఇనుప బిళ్ళలు పెట్టి కుట్టడం ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఎంతమందినో తడిపించిన చెయ్యి అది. ఆ మనిషి మాత్రం ఇంతవరకూ తడవలేదు.

చర్చిలో వేదిక వెనక బాప్తిస్మాల తొట్టి ఉంది. అందులోవి మామూలు కుళాయి నీళ్ళే. కాకపోతే ఎవరినో చూసి దిగినవాళ్ళనీ, ఎవరి మెప్పుకోసమో దిగినవాళ్ళనీ అవి తడపవు, అంతే. బస్సు డ్రైవరు ఒకాయన మామగారి పోరు పడలేక దిగి, తలకి రాసుకున్న నూనె కూడా చెదరకుండా పైకొచ్చాడు. తువ్వాళ్ళు అందించే ముసలాయన చేతిలోది మడిచి మళ్ళీ దొంతరలో పెట్టేసి, "ఏం పర్లేదు బాబూ, మళ్ళీ వద్దువుగాని" అన్నాడు. కొన్నాళ్ళకి డ్రైవరు తనంతట తనే వచ్చి చక్కగా తడిసిపోయాడు. దీన్నెవరూ వింతనుకోరు. కొందరికి మొదటిసారే వంట కుదరదు కదా, ఇదీ అలాగే.

పెద్దకోడలు రెండుసార్లు దిగింది, రెండుసార్లూ పొడిగానే వచ్చింది. దాన్నైనా ఓర్చుకునేదేమో. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన చిన్నకోడలు, ప్రార్థన మధ్యలో ఆవలించే పిల్ల, మొదటి మునకకే నెత్తి నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కార్చుకుంటూ పైకొచ్చింది. అత్తగారు మురిసిపోయి ఆ తడిపిల్లని కావలించుకుని తన బట్టలూ తడుపుకుంది. అప్పటినుంచి చిన్నకోడలు ఎదురుపడితే చాలు, పెద్దకోడలికి ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు చిన్నకోడలికి పాప. ఆదివారం ఆ పాపని దేవుడికి ప్రతిష్ఠ చేస్తారు. ఇల్లంతా అదే మాట. పెద్దకోడలి కొడుకుని ప్రతిష్ఠ చేసిన రోజు వాన దంచికొట్టి, ముందు వరస కూడా నిండలేదు. ఈ పాపకి మాత్రం అదనంగా కుర్చీలు వేయిస్తున్నారు.

"అక్కా, పాప గౌను నువ్వే కుట్టాలి. బయటిస్తే నాకు నచ్చదు" అంటూ చిన్నకోడలు గుడ్డ తెచ్చి మిషను మీద పెట్టింది.

"దానికేం, కుడతాను" అంది పెద్దకోడలు. నవ్వు పెదాల దాకానే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం పాస్టరుగారు అంగీలు తీసుకెళ్ళడానికి వచ్చారు.

"అయ్యగారూ, రేపు నేనూ దిగుతాను."

"రేపు మీ పాప ప్రతిష్ఠ కదమ్మా?"

"అందుకే" అనబోయి నాలుక్కరుచుకుంది. "ముందు బాప్తిస్మాలేగా, తర్వాతేగా ప్రతిష్ఠ! అయినా ఆ చంటిదాన్ని కూడా ఓ ముంచు ముంచకూడదూ? తల్లి పోలికో కాదో తెలిసిపోతుంది."

పాస్టరుగారు నవ్వారు. "ప్రతిష్ఠలో నీళ్ళతో పనిలేదమ్మా. పాపేం చెయ్యదు. నువ్విచ్చిన బిడ్డ, నీ దారిలో పెంచుతాం అని అమ్మానాన్నలు దేవుడికి మాటిస్తారు. మేమూ తోడుంటాం అని సంఘం అంటుంది. మాట పెద్దవాళ్ళది, దీవెన పాపది. బాప్తిస్మం అలా కాదు. నమ్మినవాళ్ళు తమ కాళ్ళతో తామే దిగాలి. పాత బతుకుని నీళ్ళలో పాతిపెట్టి కొత్తగా లేవాలి. ఒకరి బదులు ఇంకొకరు తడవడం కుదరదు." అంగీలు అందుకుంటూ అడిగారు. "నువ్వేం పాతిపెడదామనుకుంటున్నావమ్మా?"

"నాకేముంటాయండీ పాతిపెట్టడానికి? సంఘానికి ఇన్ని అంగీలు కుట్టాను."

ఆయన అంగీలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక పెద్దకోడలు గౌను పూర్తిచేసింది. పైకి కళ్ళకద్దుకునేలా ఉంది. లోపల మెడ దగ్గర కుట్టు మాత్రం మడవకుండా, గరుకు అంచు రాసుకునేలా వదిలేసింది. అంతమంది ముందు పాప గుక్కపట్టి ఏడవాలి, చిన్నకోడలి మొహం చిన్నబోవాలి. ఆ పూట ఆవిడకి అన్నం మహా రుచిగా ఉంది.

ఆదివారం పాస్టరుగారు ఆవిడ్ని ముంచి లేపారు. అంగీ ఇస్త్రీ మడత కూడా నలగలేదు. ముసలాయన తువ్వాలు మడిచి దొంతరలో పెట్టాడు. బట్టలు మార్చుకునే తీరికలేక అదే అంగీతో వచ్చి ఇంటివాళ్ళ పక్కన కూర్చుంది. అంచులోని ఇనుప బిళ్ళలు బల్లకి తగిలి టకటకమన్నాయి. వెనక ఎవరో దగ్గారు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

అమ్మానాన్నలు మాటిచ్చారు. పాస్టరుగారు ఎత్తుకోగానే పాప మొదలుపెట్టింది. ఆయన ఊపారు, నానమ్మ జోకొట్టింది, తల్లి భుజాన వేసుకుంది. ఏడుపు పైకప్పు దాకా లేచింది. పెద్దకోడలు ఎదురుచూసింది దానికోసమే. చిన్నకోడలు మాత్రం చిన్నబోలేదు, తిన్నగా ఆవిడ దగ్గరికే నడిచొచ్చింది.

"అక్కా, నువ్వెత్తుకోవూ? నీ దగ్గరైతే ఊరుకుంటుంది."

ఒళ్ళోకి వచ్చిన పాప మెడ చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. పెద్దకోడలు వంగి ఆ అంచుని పంటితో కొరికి చించేసింది. పాప రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది.

"ఏమైందక్కా? దారం ఊడిందా?"

అవునంటే సరిపోయేది. చిన్నకోడలు నమ్మేది కూడా.

"కావాలనే వదిలానే ఆ కుట్టు" అంది పెద్దకోడలు. గొంతు చర్చి అంతటా వినిపించింది. "నీ మీద ఏడ్చి ఏడ్చి దీన్ని కూడా ఏడిపించాను. నువ్వు తడిశావని ఏడ్చాను, నీ బిడ్డకి కుర్చీలు వేశారని ఏడ్చాను. ఈ పాడుబుద్ధి నాకొద్దు దేవుడా. తీసెయ్యి."

అప్పుడు అంగీ అంచు నుంచి ఒక చుక్క నేలమీద పడింది. తర్వాత ఇంకొకటి. ఆపైన జుట్టులోంచి, చేతుల్లోంచి, మెడమీంచి నీళ్ళు ధారకట్టాయి. వేదిక వెనక తొట్టిలో నీళ్ళు సర్రున తగ్గాయి. ముసలాయన ఈసారి దొంతర దొంతరే ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు.

చిన్నకోడలు కోపంగా నోరు తెరిచింది. అంతలో కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చివరికి "పాప తడిసిపోతుందక్కా, ఇటివ్వు!" అని మాత్రం అనగలిగింది.

ఇద్దరూ ఒకేసారి పాపని తడిమి చూశారు. కారుతున్న చేతుల మధ్య గౌను పొడిపొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"దీనికింకా టైముందిలేవే" అంది పెద్దకోడలు, ముక్కు ఎగబీలుస్తూ. "ఇది తనంతట తను దిగేరోజున అంగీ నేనే కుడతాను. లోపలి కుట్లు కూడా మడిచి."