ఎండలో తేలిన ముఖం

ఆ అమెరికా దొర బొమ్మలు వేస్తాడు, ఫోటోలూ తీస్తాడు. ముడతలూ మచ్చలూ ఉన్నవి ఉన్నట్టు దించేస్తాడని సొంత దేశంలోనే జనం తిట్టిపోశారట. ఒకచోట బొమ్మ చించేశారట కూడా. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడు ఆయన జమ్మలమడుగులో దిగి, ఫోటోలు తీసిన గాజు ప్లేట్లు మందులో కడగమని ప్రొద్దుటూరులోని అమీర్ బాషా స్టూడియోకి పంపేవాడు. 'మచ్చలు దిద్దవద్దు' అని ప్రతి పెట్టె మీదా చీటీ. అమీర్ బాషాకు అది మింగుడుపడేది కాదు. పెన్సిల్‌తో మశూచి మచ్చలు మాయం చేయడంలోనే ఆయనకు పేరు. కూతురు మైమూన్ మాత్రం ఆ ప్లేట్లను వెలుతురుకు పట్టి, చేతులు నొప్పి పుట్టేదాకా చూస్తూ ఉండిపోయేది.

ఒకనాటి మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి నబీ రసూల్ ఊడిపడ్డాడు. అతని భార్య సైదున్నీసా దొర ముందు కూర్చుని ఫోటో తీయించుకుందని అప్పుడే తెలిసిందట. ఆరబెట్టిన ప్లేట్లలో వెతికి ఒకటి అందుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. భార్య ముఖం బొగ్గులా ఉంది. ఒంటినిండా శవానికి చుట్టినట్టు తెల్లటి గుడ్డ.

"బతికుండే మనిషికి కఫన్ కప్పినాడే! ఈడే పగలగొడతా!"

"దొర సొమ్ము భాయ్! నన్ను జైల్లో ఏపిస్తావా ఏంది?" అన్నాడు అమీర్ బాషా.

"జైలుకే పో! సద్ది నేను తెస్తాలే!"

ప్లేటు నేలకు దిగబోతోంది. బేరగాళ్ల ముందు ఏనాడూ నోరు విప్పని మైమూన్ అడ్డం వచ్చింది.

"అది కఫన్ కాదు మామా, బురఖా. ప్లేటులో నలుపు తెలుపైతాది, తెలుపు నలుపైతాది. రోంతసేపు ఆగు, సూపిస్తా. అప్పటికీ వద్దంటే నా చేత్తోనే పగలగొడతా."

ప్లేటును ఎండకు నల్లబడే ఫోటో కాగితంతో కలిపి చెక్క చట్రంలో బిగించి పెరట్లో ఎండకు పెట్టింది. అప్పుడప్పుడూ నీడకు తెచ్చి, చట్రం వెనక తలుపు సగం తెరిచి, కాగితం అంచు ఎత్తి చూపింది. మొదట బురఖా మడతలు నల్లగా తేలాయి. ఆ తర్వాత చెంపలు. చెంపల మీద మశూచి గుంటలు, పొద్దుగూకాక చుక్కలు పొడిచినట్టు ఒక్కొక్కటే. చివరికి నవ్వబోయి ఆగిన పెదవి.

అలవాటుగా అమీర్ బాషా చేయి పెన్సిల్ మీదికి పోయింది. "రెండు గీతల్లో నున్నగా చేసిస్తా భాయ్."

"ముట్టుకోవద్దు," అన్నాడు నబీ రసూల్. ఆ చేతిని పక్కకు నెట్టాడు. "నిఖా నాడు ఇద్దరి మధ్యా అద్దం పెట్టి నాకు మొదట సూపిచ్చింది ఈ ముఖమే."

మైమూన్ కాగితం బయటికి తీసింది. "ఇంకా మందులో కడగల్ల మామా. ఎండ తగిలితే నల్లబడిపోతాది."

అతను గబగబా భుజం మీది తువ్వాలు తీశాడు. రెండు చేతులా దాన్ని కాగితం మీద పందిరిలా పట్టి, కడిగే గది దాకా ఆమె వెంట అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు.